కండక్టర్ తుల్సీరాం కర్ర పట్టిన ఏడాది

బస్సులో పొద్దస్తమానం ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా జనాన్ని తోసుకుంటూ తిరిగే మనిషితో "రోజూ పొద్దున్నే కొంచెం నడవండి" అని చెప్పిన డాక్టరమ్మను ఏమనాలి? తుల్సీరాం ఏమీ అనలేదు. తల ఊపి, సర్కారు దవాఖానాలో ఇచ్చిన మాత్రలు జేబులో వేసుకుని బయటికొచ్చాడు. భద్రాచలం నుంచి చర్లకు, చర్ల నుంచి భద్రాచలానికి తాను బస్సు లోపల నడిచిన నడకంతా కలిపితే ఈపాటికి కాశీ పోయి రావచ్చని ఆమెకు చెప్పవలసింది. కానీ షుగరు వచ్చిందన్న మాట విన్న నిమిషంలో ఎవరికీ హాస్యం తోచదు. పైగా ఆయన నోరున్న మనిషి కాడు. టికెట్ అడగడానికి ఎంత నోరు కావాలో అంతే ఉంది.

తుల్సీరాంది ఇల్లెందు దారిలో అడవి అంచున ఉన్న రేగులతండా. ఆ తండాలో ఇంటర్ పాసై ఆర్టీసీలో చేరిన మొదటి మనిషి ఆయనే. ఆ రోజుల్లో ఖాకీ చొక్కాతో తండాలో దిగితే పిల్లలు వెంటపడేవాళ్లు. ఇప్పుడు తండాలో టీచర్లున్నారు, నర్సులున్నారు, ఆయన కొడుకు రాజేష్ సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతున్నాడు. ఖాకీ చొక్కాను కుక్కలు కూడా పట్టించుకోవడం మానేశాయి. డ్యూటీ భద్రాచలం డిపోలో కాబట్టి వారమంతా అక్కడే కిరాయి గదిలో ఉంటాడు. వీక్లీ ఆఫ్ వస్తే తండాకు, భార్య పూలి దగ్గరికి పోతాడు.

ఈ పూలి గురించి ముందే చెప్పుకోవాలి. తాను కర్ర పట్టడానికి కారణం షుగరని తుల్సీరాం అందరితో అంటాడు గాని, అసలు కారణం పూలి.

లంబాడీల హోలీ అంటే నాలుగు రంగులు చల్లుకుని, స్నానం చేసి పడుకునే పండగ కాదు. ఆ ఏడాది మగబిడ్డ పుట్టిన ఇంటి ముందు ధూండ్ అనే వేడుక చేస్తారు. వాకిట్లో గుంజ పాతి, పూరీలు, బెల్లపు పాయసం నింపిన గిన్నెలను దానికి తాళ్లతో బిగించి కట్టేస్తారు. ఆడవాళ్లు కర్రలు పట్టుకుని చుట్టూ కాపలా కాస్తారు. మగవాళ్లు గుంపుగా వచ్చి ఆ గిన్నెలు ఎత్తుకుపోవాలి. ఆ గుంపులో వాళ్లను గేర్యాలు అంటారు. రేగులతండా కట్టుబాటు ఏమిటంటే, గేర్యా చేతిలో కర్ర ఉండవచ్చు గాని దాంతో దెబ్బ కాచుకోవాలే తప్ప తిరిగి కొట్టకూడదు. ఆడవాళ్లకు అలాంటి కట్టుబాటేమీ లేదు. పాటలు పాడుతూ, మొగుళ్లనూ మరుదులనూ పేరు పెట్టి తిడుతూ మరీ కొడతారు. ఏడాది పొడుగునా కడుపులో దాచుకున్నదంతా ఆ ఒక్క పూట కర్రకు అప్పజెప్పేస్తారు.

ఆ ఆడవాళ్ల గుంపుకు పెద్ద పూలి. కుసుమంచి వైపు తండా నుంచి కోడలుగా వచ్చిన ఏడాదే ఆమె చేతివాటం అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు తండా పెద్దగా ఉన్న బిచ్యా నాయక్ వయసులో ఉండగా ఆమె దెబ్బకు మోచెయ్యి వాచి పండగ భోజనం ఎడమ చేత్తో చేశాడు. దాన్ని ఆయన ఇప్పటికీ చుట్టాల ముందు గొప్పగా చెప్పుకుంటాడు. పూలి కర్ర తిని నిలబడ్డాడంటే వాడు మగాడనే లెక్క. తుల్సీరాం ఒక్కడే ఆ లెక్కలోకి రాలేదు. ఏటా గుంపులో వెనకాల నిలబడేవాడు, పెళ్లాం కర్ర ఒకటి తగలగానే పక్కకు తప్పుకుని చొక్కా దులుపుకునేవాడు. "ఇంట్ల ఎట్లనో తింటనే ఉన్నడు, ఈడ గూడ ఎందుకని" అని వదినలు నవ్వేవాళ్లు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు. అలా నవ్వడం కూడా ఒక పనే, చేసినవాళ్లకే తెలుస్తుంది.

డాక్టరమ్మ చెప్పినట్టే తుల్సీరాం గోదావరి కరకట్ట మీద నడక మొదలుపెట్టాడు. కొద్ది రోజులకే విసుగు పుట్టింది. కట్ట మీద నడిచేవాళ్లంతా తమ తమ రోగాల గురించి మాట్లాడుకుంటూ నడుస్తారు. అది వింటుంటే షుగరు తగ్గడం మాట అటుంచి బీపీ కూడా వచ్చేలా ఉంది. అలాంటి ఒక పొద్దున కట్ట కింద ఇసుకలో ఇంటి ఓనరు అహ్మద్ పాషా కనిపించాడు.

అహ్మద్ పాషాది పరుపులు, బొంతలు కుట్టే షాపు. దాని మీది గదిలోనే తుల్సీరాం ఉండేది. ఇన్నేళ్లలో ఆయన్ని దూది దులుపుతూ, దగ్గుతూ, గిరాకీతో వాదిస్తూ చూశాడే గాని ఇలా చూడలేదు. ఆ దగ్గే ముసలాయన చేతిలో వెదురు కర్ర ఒకటి కంటికి ఆనకుండా తిరుగుతోంది. గాలిని కోస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"గిదేంది పాషా భాయ్?" అన్నాడు తుల్సీరాం.

"కర్రసాము. పీర్ల పండక్కి మా అబ్బా తిప్పుతుండె. మా పోరడు ఖాలిద్‌కు నేర్పుదామంటే వాడు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకొని కూసుండు. కీళ్లు పట్టెయ్యకుండ నా అంతల నేనే తిప్పుకుంటున్న."

"నాకు నేర్పుతవా?"

అహ్మద్ పాషా కర్ర ఆపి కిందికీ పైకీ చూశాడు. చూపు పొట్ట దగ్గర కాసేపు ఆగింది.

"ఉమర్ ఎంత కండక్టర్ సాబ్?"

"యాభై దాటినయి."

"అయితే రేపే జల్దీ రా. లేట్ చేస్తే ఇంకా దాటుతయి."

అలా చేరాడు. ఎందుకు అడిగాడో ఆ క్షణాన ఆయనకే తెలియదు. గదికి తిరిగొచ్చి అన్నం వండుకుంటూ ఆలోచిస్తే, పాటలు పాడే ఆడవాళ్ల గుంపు, మధ్యలో కొంగు బిగించిన పూలి కనిపించారు. అప్పుడు తెలిసింది.

అహ్మద్ పాషా గురువుగా మంచివాడేమీ కాదు. తిడతాడు. ఉర్దూలో తిట్టి దాని అర్థం తెలుగులో మళ్లీ చెబుతాడు. కాని మొదటి వారంలోనే ఆయన ఒక విషయం కనిపెట్టి ముచ్చటపడ్డాడు. తుల్సీరాం పడడు. ఎటు నెట్టినా, మోకాలి వెనక కర్రతో కొట్టినా, కొంచెం ఊగి మళ్లీ నిలబడతాడు. చర్ల రోడ్డు గుంతల్లో పాతికేళ్లు ఏ రాడ్డూ పట్టుకోకుండా టికెట్లు ఇచ్చిన కాళ్లవి.

"మా అబ్బా దగ్గర నేర్చుకునే శాగిర్దులకు ఏండ్లకేండ్లు పట్టేది నీకు ఆర్టీసీ నేర్పింది. ఇగ చేతులు ఒక్కటే రావాలె" అన్నాడు అహ్మద్ పాషా.

చేతులు అంత తొందరగా రాలేదు. ముందు సలామీ నేర్చుకోవాల్సి వచ్చింది. కర్ర కొస నేలకు తాకించి, ఎదుటివాడి కర్రకు తాకించి, తల వంచాలి. మరిచిపోతే ఎంత దూరం ఆడినా ఆపించి మొదటి నుంచి మళ్లీ ఆడించేవాడు. సలామీ లేకుండా కర్ర ఎత్తితే అది కొట్లాట అని ఆయన మాట. తిట్లకు జడిసి తుల్సీరాంకు అదెంత అలవాటైందంటే, గదిలో బూజు కర్ర అందుకున్నా తల దానంతటది వంగేది. తర్వాత దెబ్బ కాచుకోవడం. కళ్లు మూసుకోమని పాషా కొట్టేవాడు. భుజం నుంచి వచ్చిందా, మణికట్టు నుంచి వచ్చిందా, నిజంగా కొట్టాడా, ఉత్తుత్తిగా కొట్టాడా, అంతా చెప్పాలి. "అవతలోడు ఎంత దిల్ పెట్టి కొట్టిండో నీ అరచెయ్యికి తెల్వాలె" అనేవాడు. అరచేతికి తెలిసేలోగా ముంజేతులకు, కాళ్లకు బాగా తెలిసింది. ఒంటి నిండా నల్లటి కమిలిన మచ్చలు లేచాయి. పాషా భార్య ఖమరున్నీసా పసుపు వేడి చేసిచ్చేది. "గంత కొట్టే ఓపిక ఉంటే షాపుల దూది కొట్టరాదా, పరుపులన్న తయారయితయి" అని మొగుణ్ణి దులిపేది.

తుల్సీరాం చేసిన తప్పు ఒక్కటే, ఈ సంగతి పూలికి చెప్పలేదు. హోలీ నాడు చూసి నోరెళ్లబెట్టాలని ఆయన ఆశ. వీక్లీ ఆఫ్‌లో స్నానానికి చొక్కా విప్పితే పూలి మచ్చలు చూసింది. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలో. మనం తెలుగులో చెప్పుకుందాం.

"ఇవేంది?"

"బస్సుల రష్. ఆడోళ్లకు ఫ్రీ టికెట్ వచ్చినంక నిలవడ జాగ లేదు. రాడ్లు తగుల్తున్నయి."

పూలి మాట్లాడలేదు. పూలి తిడితే తుల్సీరాంకు భయం లేదు, మాట్లాడకపోతేనే భయం. తర్వాతి వారం ఇంకో మచ్చ చూసింది, ఆ తర్వాత ఇంకోటి. జొన్నరొట్టె తప్ప ఏమీ పెట్టడం మానేసింది. చాయ్‌లో చక్కెర ఎప్పుడో పోయింది, ఇప్పుడు చాయే పోయింది. రాత్రిళ్లు ఆయన నిద్రపోయాడనుకుని పాదాలు తడిమి చూసేది. ఆయనకు మెలకువ ఉన్నా కదిలేవాడు కాదు. ముసలితనంలో ప్రేమ ఎక్కువైందనుకున్నాడు, పిచ్చివాడు.

చలికాలంలో కోడలు హేమలతకు మగబిడ్డ పుట్టాడు. అంటే ఈసారి ధూండ్ తుల్సీరాం వాకిట్లోనే. ఆ మాట విన్నప్పుడు బస్సు చర్లలో ఆగి ఉంది. ఆయన డ్రైవర్‌కు, ముందు సీట్లో కూర్చున్న ముక్కూ మొగం తెలియని వాళ్లకు కూడా ఒక్కొక్కరికీ చెప్పాడు. మనవడి పండక్కి తాతే ముందు వరసలో నిలబడి పూలి కర్రను కాచుకుంటాడు. ఆ రోజు నుంచి అహ్మద్ పాషా కంటే ముందే ఇసుకలో ఉండేవాడు.

హోలీ దగ్గరపడ్డాక బిచ్యా నాయక్ ఇంటి దగ్గర అందరూ కూర్చుని పండగ మాటలు మాట్లాడుకుంటున్నారు. ఎవరు డప్పు కొడతారు, ఎవరు గేర్యాల ముందుంటారు అని. వయసు మళ్లిన మగవాళ్లు గేర్యాల్లోంచి తప్పుకుని నాయక్ పక్కన నులకమంచం మీద కూర్చుంటారు. కూర్చుంటే గౌరవమే. కాని ఒకసారి కూర్చున్నవాడు మళ్లీ గేర్యాల్లోకి దిగడు. పూలి ఆడవాళ్ల మధ్య నుంచి లేచింది.

"ఈ ఏడు మా ఆయన మంచం మీద కూసుంటడు" అంది.

తుల్సీరాంకు చెవుల్లో ఏదో పడినట్టయింది. ఇంకెవరన్నా అని ఉంటే నవ్వేసేవాడు. పూలి అంది, అదీ పదిమందిలో, తనను ఒక్క మాట అడగకుండా. ఆమె వైపు చూస్తే ఆమె నేల చూపులు చూస్తోంది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. జీవితంలో మొదటిసారి, టికెట్ కోసం కాకుండా గొంతు పెంచాడు.

"నేను కూసోను. నా మనవని ధూండ్‌కు నేను దిగుత."

బిచ్యా నాయక్ గడ్డం గోక్కున్నాడు.

"సరే తమ్మీ, దిగు. కని ఎప్పటి లెక్క మొదటి దెబ్బకే పక్కకు జరుగుతివో, ఇగ గేర్యాల మాట ఎత్తద్దు. నా పక్కన మంచం నీది."

ఈ సంగతి విని అహ్మద్ పాషా దగ్గొచ్చేదాకా నవ్వాడు. "బీవీతోటి సామా? ఖమరున్నీసాతోటి నేను మాటలనే గెల్వలె ఇంత వరకు" అన్నాడు. మళ్లీ నవ్వు ఆపుకుని, "కాళ్లు కదపకు. నీ కాళ్లు నీ మాట ఇంటయి" అన్నాడు.

హోలీ నాడు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వాకిట్లో గుంజ, గుంజకు గిన్నెలు, గిన్నెల చుట్టూ ఆడవాళ్లు. హేమలత పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. డప్పు మోగింది. ఆ ఏడు గేర్యాలకు ముందుండే కుర్రాడు కోటేష్ నడవగా మిగతా కుర్రగేర్యాలు కేకలేస్తూ వచ్చారు. కోటేష్‌ను పక్కకు జరిపి, ఖాకీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన తుల్సీరాం ముందుకొచ్చేసరికి ఆడవాళ్ల పాట ఒక్క క్షణం తడబడింది.

ఆయన గుంజకు ఎదురుగా నిలబడ్డాడు. ఆరు నెలల అలవాటు ఊరుకుంటుందా? కర్ర కొస నేలకు తాకించాడు, ఎదురుగా ఉన్న వదిన రాజ్యశ్రీ కర్రకు తాకించాడు, భక్తిగా తల వంచాడు.

వంగి దండం పెట్టినవాణ్ణి జాలిపడి వదిలేసే ఆడమనిషి రేగులతండాలో లేదు. ఒకేసారి నాలుగు కర్రలు వీపు మీద పడ్డాయి. తండా అంతా ఘొల్లున నవ్వింది. మంచం మీద బిచ్యా నాయక్ పక్కకు జరిగి చోటు చేశాడు కూడా.

తుల్సీరాం మాత్రం పక్కకు జరగలేదు. నిటారుగా లేచి కర్ర అడ్డం పట్టాడు. రాజ్యశ్రీ దెబ్బ కర్ర మీద టప్పుమంది. ఎడమ నుంచి వచ్చింది కాచుకున్నాడు, కాళ్లకు వచ్చింది కాచుకున్నాడు. నెడితే ఊగాడు గాని పడలేదు. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. "ఈయనకు ఏమయిందే" అని ఎవరో ఆడమనిషి అంటుంటే మిగతావాళ్లు పక్కకు తప్పుకున్నారు. పూలి వచ్చింది.

ఆమె కర్ర తల మీదికంటా లేచింది. గొంతెత్తి తిడుతూ, చూసేవాళ్లకు ఒళ్లు జలదరించేలా విసిరింది. తుల్సీరాం కాళ్లు బిగించి, రెండు చేతుల్తో కర్ర అడ్డం పెట్టాడు. దెబ్బ తగిలింది. ఆయన అరచేతికి ఏమీ అందలేదు. పైనంతా ఆర్భాటం, చివర్లో మణికట్టు దగ్గర ఆపేసిన దెబ్బ అది. మళ్లీ కొట్టింది. అదీ అంతే. మూడోదీ అంతే.

ఇన్నేళ్లూ ఏ దెబ్బ తగలగానే తాను పక్కకు పారిపోయాడో, ఆ దెబ్బ కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. పరాయివాళ్ల మోచేతులు వాయగొట్టిన మనిషి కట్టుకున్నవాణ్ణి మాత్రం ఏటా దూదితో కొడుతూ వచ్చింది.

"ఎందుకు ఆపుతున్నవ్?" అన్నాడు.

"నేనేం ఆపుతలేను."

"నా చెయ్యికి తెలుస్తుంది పూలీ. ఎందుకు ఆపుతున్నవ్?"

ఆమె కర్ర దించింది. కళ్లలో నీళ్లు.

"నీ ఒంటి మీది మచ్చలు నేను సూడలేదా? మా అన్న కాలు ఎట్ల పోయిందో నాకు తెల్వదా? చిన్న దెబ్బే గద అనుకున్నం. షుగరు మాననిచ్చిందా? నీకు ఒళ్లంత మచ్చలాయె. నేను కొట్టి నీ కాలు గూడ పోగొట్టాల్నా? అందుకే కూసోమన్న. ఇంటివా?"

డప్పు ఆగిపోయింది. రాత్రిళ్లు పాదాలు తడమడం, జొన్నరొట్టెలు, పదిమందిలో ఆ మాట, అన్నీ తుల్సీరాంకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. తన బడాయికి ఆమె ఇన్ని నెలలు ఒంటరిగా వణికిపోయింది. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అవి షుగరు మచ్చలు కావే" అన్నాడు. "కర్ర దెబ్బలు. భద్రాచలంల పాషా భాయ్ దగ్గర సాము నేర్చుకుంటున్న. ఆయన కొట్టినయి. రష్ అని నీకు అబద్ధం చెప్పిన. అన్ని మానినయి. సూడు."

చొక్కా చేతులు పైకి మడిచి చూపించాడు. పూలి ఆయన చేతిని ఎండలోకి లాగి, తిప్పి తిప్పి చూసింది. మచ్చలుండే చోట వేలితో నొక్కింది. నున్నగా ఉంది. రెండో చెయ్యీ చూసింది. వంగి పిక్కలు కూడా చూసింది. ఆమె లేచి నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక ముఖం మారిపోయింది.

"ఎవడో పరుపులోడు ఆర్నెల్ల నుంచి నా మొగుణ్ణి కొడుతుంటే నాకు చెప్పవా?" అని కర్ర ఎత్తింది.

ఈసారి ఆపలేదు. తుల్సీరాం కాచుకున్నాడు గాని ఆ అదురు భుజం దాటి దవడ దాకా పాకింది. రెండోది కాచుకునేలోపే మూడోది తొడ మీద పడింది. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. కాళ్లు మాత్రం కదల్లేదు. ఒక్కో దెబ్బకూ ఒక్కో తిట్టు, ఒక్కో తిట్టుకూ ఆడవాళ్ల కేక. కొడుతూ కొడుతూ పూలికి నవ్వొచ్చింది. కాచుకుంటూ కాచుకుంటూ ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వుతూ కూడా ఆమె చెయ్యి తేలిక చెయ్యలేదు.

ఆ మొగుడూ పెళ్లాలను చూడ్డంలో గిన్నెల సంగతి అందరూ మరిచిపోయారు, ఒక్క కోటేష్ తప్ప. హేమలత అరుగు మీద నుంచి కేకేసేసరికి తాళ్లు తెగి, గిన్నెలు వీధి మలుపు తిరిగాయి. పూలి కాపలాలో గిన్నెలు పోవడం తండా ఎరగదు. ఆమె గిన్నెలు పోయిన వీధి వైపు ఒకసారి చూసి, కర్ర కింద పడేసి, రొప్పుతూ గుంజకు చేరగిలబడింది.

బిచ్యా నాయక్ మంచం మీద నుంచి పిలిచాడు. "తుల్సీరాం, నిలవడ్డవు, ఒప్పుకున్న. కని వయసు అయితే అయింది గద తమ్మీ. మర్యాదగనే అడుగుతున్న, వచ్చే ఏడు సంది మంచం మీదికి వస్తవా?"

తుల్సీరాం జవాబు చెప్పబోయేలోగా పూలి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయన రాడు నాయక్. నేను ఇంక ఇప్పుడే కొట్టుడు మొదలువెట్టిన" అంది.

తుల్సీరాం ఆ మాట విని వాకిట్లో, మట్టిలో, ఉన్నచోటే చతికిలబడి నవ్వాడు. తొడ నొప్పికి లేవలేకపోతే కోడలూ పూలీ చెరో చెయ్యి పట్టుకుని లేపారు.